నల్లని ఒళ్ళు, తాకని చేతులు: నర్సింగ్ పాఠం మీద కొన్ని ప్రశ్నలు

రోగిని పరిశీలించడానికి నర్సింగ్ చదువు నాలుగు పద్ధతులు నేర్పుతుంది: చూడటం, తాకడం, వేళ్ళతో తట్టడం, స్టెతస్కోపుతో వినడం. ఇందులో కులం ఎక్కడుంది అంటారు. ఉందనే మేం అంటున్నాం.

మొదట, ఈ పాఠం ఎవరి ఒంటిని చూసి రాశారు? రక్తం తగ్గితే ఒళ్ళు పాలిపోతుందనీ, మంచాన పడ్డవాళ్ళకి పుండు పడేముందు చర్మం ఎర్రబడుతుందనీ రాస్తారు. తెల్లతోలు మీద తేలిగ్గా కనబడే గుర్తులివి. ఎండలో నాట్లేసే మన కూలోళ్ళ నల్లని వీపు మీద ఆ ఎరుపు ఆనదు. పుండు పగిలాకే తెలుస్తుంది.

యంత్రమూ ఇదే తీరు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా వేలికి తగిలించే ఆక్సీమీటరు పసిగట్టకపోవడం తెల్లవాళ్ళకన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు 3 రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికాలో అచ్చయిన అధ్యయనం చెప్పింది.

కొత్త పుస్తకాలు 'నల్లచర్మం వాళ్ళలో' అని పక్కన ఓ ముక్క చేరుస్తున్నాయి. నల్లవాళ్ళే ఎక్కువున్న దేశంలో మనం పక్క ముక్కలమా? సరే, ఆ ముక్క ఏం చెప్తుంది? కంటికి ఆనకపోతే చేత్తో చూడమంటుంది. ఒరిపిడి తగిలినచోట వేడెక్కిందా, గట్టిపడిందా? కనురెప్ప కిందికి లాగి చూడు, అరచెయ్యి తిప్పి చూడు. అంటే నల్లని ఒంటిని తాకితేగానీ రోగం తెలియదు. అసలు చిక్కంతా ఇక్కడే.

గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పిల్లలకి అందే వైద్యంపై సంఘమిత్ర ఆచార్య చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. వివక్ష బాగా కనబడిన చోట్లలో మందిచ్చేటప్పుడు తాకడం ఒకటని అది తేల్చింది. తాకని చేతికి వేడి ఎట్లా తెలుస్తుంది? అంటరానితనం అవమానం మాత్రమే కాదు, రోగనిర్ధారణలో లోపం కూడా.

ఇంకోపక్క, పురిటిమైల అని పైకులాలు ముట్టని పనిని చాలా ఊళ్ళల్లో మాల, మాదిగ, మంగలి ఆడవాళ్ళ మీద వేశారు. కడుపు మీద చెయ్యేసి బిడ్డ తల ఎటుందో చెప్పిన మంత్రసానిది మైలపని అయ్యింది. అదే పని పుస్తకంలోకెక్కి 'పాల్పేషన్' అనే శాస్త్రమైంది.

వార్డుల్లో రాత్రింబవళ్ళు చాకిరీ చేసే నర్సుల్ని మేం తప్పుపట్టడం లేదు. వాళ్ళలో మనిళ్ళ ఆడపిల్లలెందరో ఉన్నారు. మేం అడిగేది పాఠం మారాలని. నల్లని ఒంటి మీది గుర్తులు మొదటి పేజీలోనే రావాలి. రోగిని తాకకుండా రాసిన పరిశీలనని పరిశీలనగా ఒప్పుకోకూడదు. ఆ మాట నర్సింగ్ స్కూల్లోనూ, పరీక్షలోనూ, వార్డు రికార్డులోనూ ఉండాలి.