పద్యంలో చారు పోసిన పిల్లలు

ఏడో తరగతి వాళ్లకు పద్యం గురించి నాలుగు మాటలు చెప్పమని మొన్న ఓ తెలుగు మాస్టారు పిలిచారు. నేను నోరు తెరవకముందే వెనక బెంచీ నుంచి ప్రశ్న: "ఇది పరీక్షలో వస్తుందా సార్?" ఒళ్లు మండింది. పాపం, వాణ్ణేమనగలం? వాడికి పద్యమంటే ప్రతిపదార్థం, అయిదు మార్కులు. ఆ ప్రతిపదార్థంతో నాకు పాత పగ ఉంది.

మా ఊరి రచ్చబండ దగ్గర రాయబారం సీను ఆడుతుంటే తాత్పర్యం అడిగిన నాథుడు లేడు. హార్మోనియం శ్రుతి అందుకోగానే వేలిముద్ర రైతులు కూడా చుట్టలు ఆర్పి ముందుకు జరిగేవారు. కృష్ణుడు రాగం దించేలోపే "వన్స్‌మోర్!" అని కేక. పాడిన పద్యం మళ్లీ పాడితే గానీ రాయబారం ముందుకు సాగేది కాదు. ఆ పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులు అవధానాల్లో పృచ్ఛకులతో తలపడి రాటుదేలినవారు. అందుకే వాళ్ల పద్యంలో ఆ పందెపు పౌరుషం.

పందెం అనుకోగానే దత్తపది గుర్తొచ్చింది. పొంతన లేని నాలుగు మాటలిచ్చి, వాటి మామూలు అర్థం రాకుండా వేరే విషయం మీద పద్యం చెప్పమనడం. "మాటలు మీరే ఇవ్వండర్రా" అన్నాను పిల్లలతో. వడ, పూరి, దోసె, చారు అన్నారు. మధ్యాహ్న భోజనం వేళ దగ్గరపడింది మరి! విషయం వాన. ఛందస్సు జోలికి పోలేదు, నాలుగు పాదాలు చాలన్నాను.

వడగళ్లు వెంటనే పడ్డాయి. పూరిపాక కురిసింది. దోసెడు నీళ్లూ దొరికాయి. చారు దగ్గర బండి ఆగింది. ఒకడు "వచ్చారు" అన్నాడు. "అది చా కాదు, చ్చా. చెల్లదు" అని ఓ అమ్మాయి అడ్డం పడింది. క్లాసు రెండు జట్లయింది. ద్విత్వాక్షరం మీద అంత రగడ నేనెక్కడా చూడలేదు. చివరికి ఆ అమ్మాయే బీరువాలో మూలుగుతున్న శబ్దరత్నాకరం తీయించి, చారు అంటే అందమైనదని పట్టేసింది. ఆ తర్వాత అందరూ పాఠంలో పద్యాల కింది అర్థాల మీద పడ్డారు, ఇంకేం మాటలు దాచొచ్చా అని.

ప్రతిపదార్థాన్ని బడి గడప దాటించాలని రాద్దామనే కూర్చున్నాను. ఇక రాయలేను. అది ఉండాల్సిందే, కాకపోతే ఆట తర్వాత. తెలుగు మాస్టార్లూ, వారానికో పీరియడు దత్తపదికి ఇవ్వండి. దానికి మార్కులు మాత్రం వేయకండి.