రవివర్మ సరస్వతి: శిలాసనము

రాజా రవివర్మ 1896లో రచించిన సరస్వతీ చిత్రమును గూర్చి వ్రాయువారు సాధారణముగా దేవి చేతులను లెక్కించి విరమింతురు. వీణ సంగీతమునకు, పుస్తకము విద్యకు, జపమాల ధ్యానమునకు ప్రతీకలని చెప్పుట తప్పు గాదు. కాని ఆ మాట ఏ శిల్పమునకైనను, ఏ కాలెండరు బొమ్మకైనను సరిపోవును. ఈ చిత్రమునకే చెందిన ప్రతీక మా దృష్టిలో దేవి చేతులలో లేదు. ఆమె కూర్చున్న చోట నున్నది.

ప్రసిద్ధమైన ధ్యానశ్లోకము సరస్వతిని శ్వేతపద్మముపై నాసీనురాలిగా వర్ణించుచున్నది. రవివర్మ ఆమెను బండపై కూర్చుండబెట్టెను. తామరలు నీటికి దిగిపోయినవి. హంసకు బదులు నెమలి ప్రక్కన నిలిచినది. నెమలిని సరస్వతికి వాహనముగా జెప్పు సంప్రదాయమును కలదు గనుక దానిని గూర్చి విస్తరింపము.

శిలాసనమునకు సులభమైన సమాధానమొకటి కలదు. పాశ్చాత్య తైలవర్ణపద్ధతి దేహమునకు బరువు నిచ్చును. బరువుగల స్త్రీని పువ్వు మోయజాలదు. మేమును మొదట నట్లే తలచితిమి. కాని అదే సంవత్సరమున అదే చిత్రకారుడు రచించిన లక్ష్మి కొలనులోని తామరపై నిలిచియున్నది! ఆ దేహమునకును బరువు కలదు. అయినను పువ్వు క్రుంగలేదు. కావున సరస్వతికి శిల నిర్బంధముచే వచ్చినది కాదు, చిత్రకారుడు కోరి యిచ్చినది.

లక్ష్మి దర్శనమిచ్చుచున్నది, ఆమెకు వేరు పని లేదు. సరస్వతి యన్ననో వాయించుచున్నది. వాయించువారికి కదలని ఆసనము కావలెను. వీణ నేర్చినవారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. విద్యను ప్రసాదింపబడు వరముగా గాక, జరుగుచున్న సాధనగా చూపుటయే ఈ శిల యొక్క అర్థమని మా యభిప్రాయము.

అయితే చిత్రమున ఒక చిక్కు మిగిలియున్నది. ముందు చేతులు పని చేయుచుండగా వెనుక చేతులు పుస్తకమును, మాలను ఊరక పట్టుకొనియున్నవి. ముందు చేతులకు గల సహజత్వము వానికి రాలేదు. శిల్పికి ఈ బాధ లేదు. రాతిలో నాలుగు చేతులును ఒకే భాష మాటాడును. ఆనంద కుమారస్వామి రవివర్మ చిత్రములను నాటకరంగపు కల్పనలుగా ఆక్షేపించిన సంగతి విదితమే. వెనుక చేతుల మట్టుకు ఆ యాక్షేపమును మేమును అంగీకరింతుము. వీణపై నున్న చేతులకు అది వర్తింపదు.

1894లో బొంబాయిలో నెలకొల్పిన రవివర్మ ముద్రణాలయము వలన ఇట్టి చిత్రములు తెలుగు ఇండ్ల పూజాగృహములకును చేరినవి. తరువాతి కాలెండరు చిత్రకారులు పలువురు దేవిని మరల తామరపై కూర్చుండబెట్టిరి. వీణను మాత్రము అట్లే యుంచిరి. ఆ పువ్వుమీద ఆమె వీణను వాయించుచున్నట్లు మాకు తోపదు, పట్టుకొనియున్నట్లే తోచును.