పరామర్శ అయ్యాక

కష్టం వచ్చిన మనిషిని పలకరించడానికి మన ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. చావు ఇంటికి పెద్దకర్మ దాకా జనం వస్తూనే ఉంటారు. ఆపరేషన్ అయినవాడి మంచం పక్కన హార్లిక్స్ సీసాలు, బత్తాయిలు పేరుకుంటాయి. ఆ హడావుడి తగ్గాక ఆ మనిషికి పొద్దు ఎలా గడుస్తుందన్నదానికి మాత్రం మన దగ్గర ఏ ఆచారమూ లేదు. పాత స్నేహితుల పని అక్కడే మొదలవుతుందని నా వాదన. వాళ్లు చేయాల్సింది ఓదార్చడం కాదు, రోజూ కలిసి చేసే పనిని అదే వేళకు మళ్లీ మొదలుపెట్టడం. నూజివీడులాంటి ఊళ్లో అయితే అది పొద్దుటి నడక, ఆపైన టీ కొట్టు బల్ల.

నూజివీడు మామిడి సీమలో కష్టం తరచూ లెక్కల్లోంచే వస్తుంది. డిసెంబరు, జనవరిలో పూత చూసి తోట గుత్తకు మాట్లాడుకుంటారు. ఆ తర్వాత తేనెమంచు పురుగు పట్టొచ్చు, ఈదురుగాలికి కాయ రాలొచ్చు, తీరా కోత కోసి నున్న మార్కెట్‌కు తోలాక ధర పడిపోవచ్చు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడింది సరిగ్గా సీజన్ మొదలయ్యే వేళ. తోటలో కాయ ఉంది, దాన్ని ఎలా అమ్ముకోవాలో తెలియదు, ఆ గోడు వెళ్లబోసుకోవడానికి టీ కొట్టూ లేదు. మామూలు ఏడాదిలో అయితే నష్టపోయినవాడు ఆ చోటును తనే మానుకుంటాడు. ఎందుకంటే బల్ల మీద పక్కన కూర్చునేవాడే అప్పిచ్చినవాడో, హామీ సంతకం పెట్టినవాడో అయి ఉంటాడు. మొదట ఒకరోజు ఒంట్లో బాగోలేదంటాడు. తర్వాత బస్టాండుకు వేరే వీధిలోంచి వెళ్లడం మొదలుపెడతాడు. 'వాడే వస్తాడులే' అని మిగతావాళ్లు ఊరుకుంటే వాడు రాడు.

పరామర్శలో ఒకడు కూర్చుంటే మిగతావాళ్లు అతణ్ణి చూసి వెళతారు. టీ కొట్టు దగ్గర ఎవరూ ఎవర్నీ చూడ్డానికి రారు. ఒకడికి చక్కెర లేని టీ అని కొట్టువాడికి తెలుసు. పేపరు విప్పి మెయిన్ ఒకడు, జిల్లా పేజీలు ఇంకొకడు పంచుకుంటారు. డబ్బులిచ్చే వంతు ఎవరిదన్నదాని మీదా, 2022లో నూజివీడును కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలో కలపడం మంచిదేనా అన్నదాని మీదా తగువు. ఈ తగువులో పాల్గొనేవాడు కాసేపైనా నష్టపోయినవాడుగా ఉండడు, మాట నెగ్గించుకోవాలని చూసే పాత మనిషిగా ఉంటాడు. 'ఎలా ఉన్నావురా' అంటే మొత్తం కథ చెప్పుకోవాలి. గేటు దగ్గర బండి ఆపి 'ఏరా, వస్తున్నావా' అంటే అవుననో కాదనో చెబితే చాలు. కాదన్నా మర్నాడు మళ్లీ అడగాలి, నిష్ఠూరం లేకుండా.

ఇదంతా ఉత్త సెంటిమెంటు అనేవాళ్లుంటారు. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసి, గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి బట్టకట్టే అవకాశం 50 శాతం ఎక్కువని తేల్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే స్నేహితులు నిలుస్తారేమో అని అడగొచ్చు, అది న్యాయమైన ప్రశ్నే. అందుకే జింబాబ్వే ఉదాహరణ నాకు ఇంకా గట్టిదనిపిస్తుంది. అక్కడ డిక్సన్ చిబాండా అనే వైద్యుడు ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్లలు వేయించి, బామ్మలకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాడు. 573 మందిని రెండు జట్లుగా విడదీసి పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. బామ్మలతో మాట్లాడినవాళ్లలో ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు మామూలు వైద్యం పొందినవాళ్లలో కంటే బాగా తక్కువ. అయితే ఆ బామ్మలు శిక్షణ పొందినవాళ్లు, మన టీ మిత్రులు కారు. నిద్రలేక, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడుతున్నవాణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి, 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయించాలి. కానీ వాడి వాలకం మారిందని ముందు కనిపెట్టగలిగేది వాణ్ణి రోజూ చూసేవాడే.

టీ తాగితే అప్పు తీరుతుందా? తీరదు. కానీ మొహం చాటేసినవాడికి వాయిదా ఎవరూ ఇవ్వరు. ఏ తోట ఖాళీగా ఉంది, ఏ వ్యాపారి సొమ్ము సరిగ్గా ఇస్తున్నాడు అన్న కబుర్లు తిరిగేదీ ఆ బల్ల దగ్గరే. ఒక్క నియమం మాత్రం తప్పనిసరి. బాకీ అడగదలిస్తే సాయంత్రం ఇంటికెళ్లి అడగాలి, టీ గ్లాసుల మధ్య కాదు.

నాకు జవాబు కష్టమైన అభ్యంతరం వేరే ఉంది. ఇదంతా మగవాళ్ల బల్ల. ఆడవాళ్లకు సాయంత్రం అరుగు, గుడి, డ్వాక్రా మీటింగు ఉన్నాయి. కానీ భర్త పోయిన మనిషికి ఆచారమే వాటిని తెంచేస్తుంది. చాలా ఇళ్లలో ఏడాది దాకా నలుగురిలోకి రానివ్వరు, పేరంటాలకు పిలవడం మానేస్తారు. పక్కన మనిషి ఉండాల్సిన రోజుల్లోనే ఒంటరిని చేసే ఈ ఆచారాన్ని నేను సమర్థించలేను. పాత స్నేహితురాలు వెళ్లి 'రావే, కాసేపు కూర్చుందాం' అని అరుగు మీదికి పిలవొచ్చు, కానీ నలుగురూ ఏమనుకుంటారోనని ఆగుతుంది. ఆ నలుగురూ ఎవరో కాదు, రోజూ ఆ అరుగు మీద కూర్చునేవాళ్లే.