విథర్ మాటతీరు: లూయిస్ నవలలోని రహస్య కూటమియు బోధన్ సంఘముల ప్రశ్నయు

బోధన్ ప్రాంతపు ఉపవాస కూటములలో ఒక వివరణను మేము పలుమారు విన్నాము. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడుటకు వెనుక లోకమంతటిని నడిపించే ఒక రహస్య కూటమి ఉన్నదనీ, కంపెనీలు, బ్యాంకులు, ప్రభుత్వములు ఆ కూటమికి పైతొడుగులు మాత్రమేననీ ఆ వివరణ సారాంశము. ఆధారముగా ఎఫెసీ 6:12 చూపుతారు. వినేవారు తల ఊపుతారు, కన్నీటితో ప్రార్థిస్తారు, ఇంటికి వెళతారు. దీనిని చదువురానివారి మాటగా కొట్టివేయుట మాకు ఇష్టము లేదు. ఉపాధి పోయినవాడు "ఇది చేసినది ఎవరు?" అని అడుగుట న్యాయమే. ఆ ప్రశ్నకు కూటములలో దొరుకుతున్న జవాబు సరియైనదా అన్నదే మా సందేహము. అందువలన అటువంటి రహస్య కూటమి నిజముగానే ఉన్న ఒక కథను తీసుకొని, అక్కడ ఆ కూటమి పని ఎవరి చేతులమీదుగా జరుగుతున్నదో పరిశీలించదలచితిమి.

ఆ కథ సి.ఎస్. లూయిస్ 1945లో ప్రచురించిన 'దట్ హిడియస్ స్ట్రెంగ్త్'. 1938లోను, 1943లోను వచ్చిన రెండు నవలల తరువాత ఇది మూడవది. ఇంగ్లాండులోని ఎడ్జ్‌స్టో అనే చిన్న విశ్వవిద్యాలయ పట్టణములోనికి ఎన్.ఐ.సి.ఇ. అనే బ్రహ్మాండమైన సంస్థ ప్రవేశిస్తుంది. ఆ అక్షరములను కలిపి చదివితే 'నైస్' అగును. లూయిస్ వెటకారము అక్కడే మొదలవుతుంది. దానికి ప్రభుత్వపు అండ, సొంత పోలీసు, సొంత పత్రికలు ఉన్నవి. డైరెక్టరు పేరుతో జూల్స్ అనే ప్రముఖుడు ఉన్నాడు. సంస్థను తానే నడుపుతున్నానని అతని నమ్మకము. లోపల గిలటిన్ కింద తెగిన ఒక నేరస్థుని తలను యంత్రములతో బ్రతికించి ఉంచారు. ఆ తల మాట్లాడుట తన శాస్త్రజ్ఞాన ఫలమని ఫిలొస్ట్రాటో అనే శాస్త్రవేత్త అనుకొంటాడు. నిజానికి ఆ తలద్వారా మాట్లాడుచున్నవి దురాత్మలు. ఈ సంగతి ఎరిగినవారు డిప్యూటీ డైరెక్టరు జాన్ విథర్, అతని సహచరుడు ఫ్రాస్ట్, మరి బహు కొద్దిమంది.

విమర్శకులు సాధారణముగా ఆ తల దగ్గర ఆగిపోతారు. మాకు విథర్ ముఖ్యుడుగా కనబడుచున్నాడు. అతడు వృద్ధుడు, మర్యాదస్తుడు. గొంతు హెచ్చించడు, బెదిరించడు. మార్క్ స్టడ్డాక్ అనే యువ అధ్యాపకుడు సంస్థలో చేరవచ్చి, నా ఉద్యోగమేమిటి, నేను ఎవరి క్రింద పనిచేయాలి అని అడుగుతాడు. విథర్ సమాధానము చాలాసేపు సాగుతుంది, అందులో జవాబు మాత్రము ఉండదు. మనమందరము ఒక కుటుంబము, ఇక్కడ హద్దులు గీసుకొనుట మంచిది కాదు అన్న ధోరణిలో వాక్యము వాక్యమును పట్టుకొని పోతుంది. చివరకు అడిగినవాడే తప్పు చేసినట్టు సిగ్గుపడి బయటికి వస్తాడు. ఆఫీసు వరండాలో సంవత్సరములు గడిపిన మన పాఠకులు ఈ పుటలు చదివితే నవ్వు వస్తుంది, ఆ వెంటనే కడుపులో ఏదో కదులుతుంది. ఏ ఆజ్ఞయు వ్రాతలో ఉండదు గనుక ఏ పాపమునకును కర్త ఉండడు. సంస్థను విడిచి వెళ్ళబోయిన హింజెస్ట్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు దారిలో హత్యచేయబడతాడు. విథర్ దానిని గూర్చియు విచారకరమైన సంఘటన అన్నట్లే మాట్లాడతాడు. బాబెలు గోపుర కథను లూయిస్ నవల చివరి విందులోనికి తెచ్చి, ఈ మనుష్యుల నోట మాటలు అర్థములేని శబ్దములగునట్లు చేశాడు. మా దృష్టిలో ఆ తీర్పు మొదటి అధ్యాయములనుండియే జరుగుచున్నది. విథర్ మాట అప్పటికే బాబెలు.

ఇక మార్క్. అతడు దుర్మార్గుడు కాడు, లోపలివాడు కావాలని ఆశపడినవాడు. 1944లో లండన్ కింగ్స్ కళాశాల విద్యార్థులకు లూయిస్ చేసిన 'ఇన్నర్ రింగ్' అనే ప్రసంగములోని విషయమే ఇక్కడ మనిషి రూపము దాల్చినది. కళాశాలవారి బ్రాగ్డన్ వనము సంస్థకు అమ్ముడుపోయిన తీరు చూడుడి. అందులో మంత్రతంత్రములు లేవు. సమావేశపు విషయసూచికను కొందరు తెలివిగా అమర్చుతారు. గోడ మరమ్మతు ఖర్చును, చిన్న అధ్యాపకుల జీతభత్యములను ఆ అమ్మకముతో ముడిపెడతారు. చేతులు లేస్తాయి, వనము పోతుంది. తరువాత మార్క్ చేత జరగబోవు అల్లర్లను గూర్చి జరగకముందే పత్రికలకు వ్యాసములు వ్రాయిస్తారు. అతడు చేసిన మొదటి నేరమది. అది నేరమని అతనికి తెలుసు, అయినను స్నేహితుల నవ్వుల మధ్య తాను ఒప్పుకొన్న క్షణము అతనికి సరిగా తట్టనైనా తట్టదు.

1945 ఆగస్టు 16న మాంచెస్టర్ ఈవెనింగ్ న్యూస్ పత్రికలో జార్జ్ ఆర్వెల్ ఈ నవలను సమీక్షించాడు. మానవాతీత శక్తులు లేకుండ ఉంటే కథ మరింత బలముగా ఉండేదని అతని అభిప్రాయము. విశ్వాసులముగా మేము దీనిని పూర్తిగా ఒప్పుకొనలేము. ఒక్కొక్కడు కొంచెము తప్పుచేస్తే అందరి మొత్తము కంటే పెద్దదైన దుష్టత్వము ఎట్లు పుట్టుచున్నదో చెప్పుటకు పౌలు ప్రధానులు, అధికారులు అను మాటలు వాడాడు. అమెరికా వేదాంతి వాల్టర్ వింక్ 1984 మొదలుకొని వ్రాసిన మూడు గ్రంథములలో ఈ శక్తులను సంస్థల లోపలి ఆత్మగా అర్థము చేసుకొన్నాడు. అయినను ఆర్వెల్ అభ్యంతరములో ఒక నిజము ఉన్నది. దయ్యము దొరికిన వెంటనే చదువరి విథర్‌ను మరచిపోతాడు. మన కూటములలోను అదే జరుగుచున్నది.

శక్కర్‌నగర్ సంగతికి వద్దాము. 1931 నాటికి మంజీరపై నిజాంసాగర్ పూర్తియైనది. ఆ నీటితో చెరకు పండినది. 1937లో ఫ్యాక్టరీ స్థాపింపబడినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందినది. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లలో 51 శాతము వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చి, 49 శాతము తనవద్ద ఉంచుకొనగా, నిజాం దక్కన్ షుగర్స్ ఏర్పడినది. ఆ కాలపు ప్రభుత్వరంగ సంస్థల సంస్కరణకు బ్రిటన్ ప్రభుత్వ సహాయ విభాగమైన డి.ఎఫ్.ఐ.డి. సొమ్ము ఇచ్చినది, ఆడమ్ స్మిత్ ఇంటర్నేషనల్ సలహాదారులను ఇచ్చినది. 2004 ఎన్నికల తరువాత వేసిన శాసనసభా సంఘము ఆ అమ్మకమును తప్పుపట్టినది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. 2019లో నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించినది. దూరదేశపు సలహాదారులు కావాలన్నా ఈ వరుసలో ఉన్నారు. అయితే వారు దాగియుండలేదు. రహస్యము ఎక్కడ ఉన్నది? ప్రతి మెట్టుకు తేదీ ఉన్నది, కాగితము ఉన్నది, దానిమీద సంతకము ఉన్నది.

బోధన్ ఏకచక్రపురమని, బకాసురుడు ఇక్కడివాడేనని ఈ ప్రాంతములో చెప్పుకొంటారు. ఆ కథలోను బండెడు అన్నముతో మనిషిని పంపే వంతులు ఊరివారే వేసుకొన్నారన్నది మాకు ఎప్పుడును వింతగానే తోచును.

నాబోతు ద్రాక్షతోట వృత్తాంతము (1 రాజులు 21) మనకు ఇంకా దగ్గర. యెజెబెలు అహాబు పేరట తాకీదులు వ్రాసి, అతని ముద్ర వేసి పంపుతుంది. కుట్ర ఉన్నది, కాదనలేము. కాని ఆ తాకీదును అమలుచేసినది నాబోతు పట్టణపు పెద్దలు, సామంతులే, అంటే అతని ఇరుగుపొరుగువారే. వారు ఏమి చేశారో గమనించుడి: మొదట ఉపవాసదినము చాటించారు. నాబోతు చావు ఒక భక్తి కూటములో మొదలైనది. ఈ వచనముపై మన ప్రసంగములు ఎందుకు ఇంత తక్కువో మాకు తెలియదు. ఏలీయా పంపబడినది అంతఃపురములోని గుట్టు తెలిసికొనుటకు కాదు. పగలు, తోటలోనికి, అక్కడ నిలుచున్న మనిషి ఎదుటికి. కొలొస్సయి 2:15 ప్రకారము శక్తులు ఓడింపబడినది కూడ బాహాటముగానే.

లూయిస్‌పై మా ఫిర్యాదు ఒకటి ఉన్నది. ఐవీ మాగ్స్ అనే పనిమనిషి ఇంటిని సంస్థ తీసుకొంటుంది. రచయిత ఆమెను ఆదరముతో చూపాడు గాని, నా ఇల్లు తీసుకొన్నది ఎవరని అడగనివ్వలేదు. మెర్లిన్ వచ్చి, మృగములు విడుదలై, దుర్మార్గులు చనిపోతారు. ఆమె ప్రశ్న మిగిలిపోతుంది. యాకోబు 5:4లో మొరపెట్టునది మోసముగా బిగపట్టబడిన కూలి. అటువంటి మొర ఈ నవలలో వినబడదు. దీనికి ఎదురుగా స్ట్రైక్ అనే పాదిరి పాత్రను మాత్రము లూయిస్ నిర్దాక్షిణ్యముగా, సరిగ్గా చిత్రించాడు. దేవుని రాజ్యము ఈ సంస్థ బలముద్వారానే వచ్చునని నమ్మి, ప్రవక్తల భాషలోనే దానికి ఊడిగము చేయువాడు అతడు. వాక్యజ్ఞానములో ఏమియు లోపము లేదు.

బోధన్‌లో పరిచర్యచేయు సహోదరులతో ఈ సంగతి మాట్లాడినప్పుడు, కంపెనీ వ్యవహారము సంఘమునకెందుకు, ఆత్మీయముగా పోరాడితే చాలదా అన్నారు కొందరు. ఆత్మీయ పోరాటము వద్దని మేము అనలేదు. 2002 నాటి ఒప్పందము, శాసనసభా సంఘపు నివేదిక, 2019 ట్రిబ్యునల్ ఉత్తర్వు, ఈ మూడింటిని తెలుగులో చదివి వినిపించి, ఆ తరువాత మోకరించిన ఉపవాస కూటము మాత్రము ఇంతవరకు మాకు ఎదురుపడలేదు.