అర్థానికి మళ్ళీ అర్థమా?

ఇంగ్లీషు మాటకి అర్థం చూద్దామని నిఘంటువు తెరిస్తే, ఆ అర్థానికి అర్థం చెప్పడానికి ఇంట్లో ఓ పండితుడు కూర్చోవాల్సి వస్తే ఎలా? ‘థర్స్ట్’ అంటే పిపాస, ‘షాడో’ అంటే ఛాయ, ‘యాన్’ అంటే జృంభణము! దాహం, నీడ, ఆవులింత అంటే కొంపేం మునిగిందో నాకైతే బోధపడదు. పిల్ల పాపం రెండు భాషల్లోనూ బట్టీ పెడుతుంది.

ఈ జబ్బు మనకే పట్టిందనుకోకండి. 1755లో శామ్యూల్ జాన్సన్ అంతటివాడు ‘నెట్‌వర్క్’ అన్న చిన్న మాటకిచ్చిన వివరణ మాటకన్నా కొరకరాని కొయ్యయి కూర్చుంది. దీనికి విరుగుడు కనిపెట్టినవాళ్ళలో బెంగాల్లో పాఠాలు చెప్పిన మైకేల్ వెస్ట్ ఒకాయన. 1935లో ఎండికాట్‌తో కలిసి, సుమారు 24,000 మాటల్నీ, నుడికారాల్నీ 1,490 తేలిక మాటలతోనే వివరించాడు. ఇంట్లో ఉన్న నాలుగు సరుకులతోనే పండగ వంట చేసిన ఇల్లాలి నేర్పు లాంటిదన్నమాట.

మన రాష్ట్రంలో విద్యాకానుక సంచిలోకి నిఘంటువు కూడా చేరింది 2021-22లో. అలా మాచర్ల, గురజాల, నరసరావుపేట సర్కారు బళ్ళ పిల్లలకీ అది అందింది. సంతోషమే. అయితే తేలిక మాటలుంటే సరిపోతుందా? అక్కడే నా పేచీ.

‘కజిన్’ అంటే అంకులుకో, ఆంటీకో పుట్టిన బిడ్డ అంటారు. అన్నీ సులువైన మాటలే. కానీ గురజాల పిల్లకి పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ. ఒకరికి రాఖీ కడుతుంది, రెండోవాడి పేరెత్తి ఇంటిల్లిపాదీ దాన్ని ఆటపట్టిస్తారు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? అలాగే ‘రైస్’. చేలో వరి, కల్లంలో వడ్లు, డబ్బాలో బియ్యం, కంచంలో అన్నం. సాగర్ కాలువ కింద పెరిగిన పిల్లకి ఈ నాలుగూ తెలుసు. ఆ తెలిసినదాన్ని పట్టుకుని ఇంగ్లీషు చెప్పాలిగాని, అది చెరిపేసి కాదు.

మాటకి అర్థం చెప్పడం పిల్లలాట కాదండీ. 1832-33లో గుంటూరు సీమ ఆకలితో అల్లాడినప్పుడు పై అధికారులు దాన్ని ‘కొరత’ అంటే, సి.పి. బ్రౌన్ మాత్రం ‘కరువు’ అనే రాశాడని చెబుతారు. రెండూ తేలిక మాటలే. కానీ కొరత వస్తే సర్దుకోమంటారు, కరువొస్తే గంజి పొయ్యాలి. అంత తేడా! అలాంటి చెవి ఉన్నవాడు గనకనే 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ పనికొస్తోంది.

కాబట్టి అమ్మలూ, పిల్లకి నిఘంటువు కొనేముందు అట్ట చూసి మురిసిపోకండి. కొట్లోనే నిలబడి ‘కజిన్’, ‘రైస్’ తెరిచి చూడండి. పక్కనున్న పిల్లకి మీరు మళ్ళీ విడమరిచి చెప్పనక్కర్లేకపోతే, బేరమాడకుండా కొనెయ్యండి.