తత్త్వం అందరిదీ, గొంతు పాడినవారిది

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళలో మాట తెలుగు, చదువు కన్నడం. అక్కడి తెలుగు సాహిత్యాన్ని అంచనా కట్టాలంటే ముద్రితప్రతి ఒక్కటే చాలదు. చింతామణి తాలూకా కైవారానికి చెందిన యోగి నారేయణ తాతయ్య తత్త్వాలే ఇందుకు నిదర్శనం.

తాతయ్య 19వ శతాబ్దంలో సిద్ధి పొందారని సంప్రదాయం. కనుక మూలరచన అందరి సొత్తు. ధ్వనిముద్రణ సంగతి వేరు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ప్రచురితమైన ముద్రణపై నిర్మాతకు 60 ఏళ్ళు, పాటపై గాయకునికి 50 ఏళ్ళు హక్కులుంటాయి. క్యాసెట్టు కొన్నంత మాత్రాన దాన్ని ఇంటర్నెట్టులో పెట్టే అధికారం రాదు.

అందువల్ల భజనపరుల లిఖితపూర్వక అనుమతితో కొత్తగా రికార్డు చేయడమే మేలు. దాచే చోటుకు కొరత లేదు. 1996లో ఆరంభమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇటువంటివాటిని ఉచితంగా భద్రపరుస్తుంది. ఏ షరతులపై వాడుకోవచ్చో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ద్వారా ముందే తెలపవచ్చు.

అయితే పాట ఒక్కటే పెడితే సగం పనే. పాడినవారి పేరు, ఊరు, తేదీ, రెండు లిపుల్లో పాఠం తోడు కావాలి. గాయకుని పలుకు అచ్చుపుస్తకంతో విభేదిస్తే దాన్ని తప్పుగా కాక పాఠాంతరంగా నమోదు చేయాలి. దిద్దితే పోయేది ఒక్క మాట కాదు, ఆ సీమ తెలుగుకు మిగిలిన సాక్ష్యం.