‘ది జంగిల్’ నవల: పెళ్ళివిందు నుంచి కబేళా దాకా

అమెరికా పారిశ్రామికీకరణను చిత్రించిన నవలల్లో అప్టన్ సింక్లెయిర్ ‘ది జంగిల్’ది విచిత్రమైన చరిత్ర. 1904లో చికాగో మాంసపరిశ్రమ కార్మికుల సమ్మె విఫలమైన తర్వాత రచయిత అక్కడి కార్మికవాడలో ఏడు వారాలు తిరిగి విషయసేకరణ చేశాడు. 1905లో ఒక సోషలిస్టు వారపత్రికలో ధారావాహికగా, 1906 ఫిబ్రవరిలో పుస్తకంగా వెలువడిన ఈ నవల కార్మికుల పక్షాన రాసినది. ఫలితం దక్కింది మాత్రం వినియోగదారులకు. 1906 జూన్ 30న మాంస తనిఖీ చట్టం, ఆహార ఔషధ శుద్ధత చట్టం రెండూ వచ్చాయి. పనిగంటలకు గానీ, కూలికి గానీ, గాయపడినవారి పరిహారానికి గానీ వాటిలో చోటు లేదు.

దీనికి పాఠకుల స్వార్థమే కారణమనడం తొందరపాటు. కల్తీ మాంసం వర్ణనలు నవలలో కొద్ది భాగమే. అయితే అవి పాఠకుని కంచంలోకి నేరుగా వస్తాయి. యూర్గిస్ కష్టం ఎక్కడో ఒక లిథువేనియా వలసకూలీదిగా దూరాన ఉండిపోతుంది.

నిజానికి నవల బలమంతా మొదటి అధ్యాయంలోని పెళ్ళివిందులో ఉంది. లిథువేనియా ఆచారం ప్రకారం విందుకు వచ్చినవారు తలా కొంత సొమ్మిచ్చి ఖర్చును పంచుకోవాలి. తెలుగువారి చదివింపుల వంటిదే. చికాగో గాలి సోకిన యువకులు తిని, తాగి, చడీచప్పుడు లేకుండా జారుకుంటారు. దంపతులకు అప్పు మిగులుతుంది. ఇంకా ఎక్కువ పని చేస్తానన్నదే యూర్గిస్ సమాధానం. కబేళాలో కత్తి కనిపించక ముందే, ఊరి నుంచి మోసుకొచ్చిన ఇచ్చిపుచ్చుకోళ్ళు తెగిపోవడం పాఠకుడు చూస్తాడు. ఆ తర్వాతి దెబ్బలన్నీ ఈ తెగుదల మీదే పడతాయి: వాయిదాల ఇంటి పత్రంలో దాగిన వడ్డీ, చీలమండ గాయంతో పోయిన ఉద్యోగం, చివరికి ఎవరూ కోరి చేరని ఎరువుల కర్మాగారం.

చివరి అధ్యాయాల్లో ఈ బిగువు లేదు. యూర్గిస్ పాత్రగా మాయమై ఉపన్యాసాలకు శ్రోతగా మిగులుతాడు. ఇంతకంటే పెద్ద లోపం మరొకటుంది. సమ్మెను విచ్ఛిన్నం చేయడానికి దక్షిణాది నుంచి తెచ్చిన నల్లజాతి కూలీలను సింక్లెయిర్ అనాగరిక గుంపుగానే చూపాడు. లిథువేనియా కుటుంబానికిచ్చిన ఇల్లు, పెళ్ళి, జ్ఞాపకం వారికి ఇవ్వలేదు. అదే సమ్మెలో యూర్గిస్ కూడా కంపెనీ పక్షానే పనిలో చేరాడు. అతని పతనానికి కారణాలు వెతికిన రచయిత వారి విషయంలో ఆ ప్రశ్నే వేయలేదు.